గురి, టార్గెట్టు

ఏప్రిల్ మొదటి వారంలో బ్యాంకు శాఖలన్నిటికీ ఒక కాగితం వస్తుంది. ఇప్పుడు అది కాగితం కాదు, కంప్యూటరులో వస్తుంది. అయినా అలవాటు కొద్దీ మేము కాగితమనే అంటాం. డిపాజిట్లు ఇంత పెరగాలి, నగల మీద రుణాలు ఇంత ఇవ్వాలి, వ్యవసాయానికి ఇంత, చిన్న పరిశ్రమలకు ఇంత, బీమా పాలసీలు ఇన్ని అమ్మాలి అని అందులో వరసగా ఉంటాయి. దాని పేరు టార్గెట్. ముప్పై ఏళ్ళకు పైగా ఈ కాగితాలు అందుకుంటున్నాను. మొదట గుమాస్తాగా కోవిల్‌పట్టిలో, తర్వాత ఆఫీసరుగా నాలుగైదు ఊళ్ళలో, ఇప్పుడు విరుదునగర్‌లో. పదవీ విరమణకు రెండేళ్ళు కూడా లేదు కనుక, ఇంకొక్కసారి అందుకుంటానేమో.

మా శాఖకు కొత్తగా వచ్చిన కుర్రవాడిది గుంటూరు వైపు. నేను తెలుగు మాట్లాడితే మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత నా తెలుగుకు నవ్వాడు, ఇప్పుడు సర్దుకున్నాడు. "టార్గెట్‌ని మీ ఇంట్లో ఏమంటారు సార్?" అని ఒకనాడు అడిగాడు. అతనికి తెలిసిన మాట లక్ష్యం. మా ఇంట్లో ఆ మాట వినలేదు. మా నాయన 'గురి' అనేవాడు. "ఏం గురి పెట్టుకొని చదువుతుండావురా?" అని నేను బి.కాం. చదివే రోజుల్లో అడిగేవాడు. ఆ గురి అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. ఫలానా వైద్యుడి మీద నాకు గురి ఉంది అంటే నమ్మకం ఉందని. బాణం పోవలసిన చోటునూ, మనిషి మీద పెట్టుకునే నమ్మకాన్నీ ఒకే మాటతో చెప్పుకున్న భాష మనది. టార్గెట్టుకు ఈ రెండో అర్థం లేదని అతనితో అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ సాయంత్రం అతను ఇంకా మూడు బీమా పాలసీలు అమ్మవలసి ఉంది.

కామర్సు చదివినవాళ్ళకు పీటర్ డ్రకర్ పేరు తెలియకుండా ఉండదు. 1954లో వచ్చిన 'ది ప్రాక్టీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్' అనే పుస్తకంలో ఆయన, కింది ఉద్యోగిని పై అధికారి వెంటబడి తోలడం కాదు, చేయవలసింది ఏమిటో ముందుగా తేల్చుకుని దాని ప్రకారం నడవాలి అని చెప్పాడు. మేము దాన్ని 'మేనేజ్‌మెంట్ బై ఆబ్జెక్టివ్స్' అని పరీక్షకు బట్టీ పట్టాం. ఆ అధ్యాయం పేరులో ఇంకో సగం ఉంది: 'అండ్ సెల్ఫ్ కంట్రోల్'. అంటే ఎంత దూరం వచ్చామో కొలుచుకునే కొలబద్ద పనిచేసేవాడి చేతిలోనే ఉండాలి, పైవాడి చేతిలో కొరడా కాకూడదు అని. లోకం మొదటి సగాన్ని పుచ్చుకుని రెండో సగాన్ని వదిలేసింది. ఆ తర్వాత ఎడ్విన్ లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 'చేతనైనంత చెయ్యి' అని చెప్పడం కన్నా స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం చెబితే మనుషులు ఎక్కువ పని చేస్తారని పరీక్షలు చేసి చూపించాడు. అదీ నిజమే. ఎక్కువ పని చేస్తారు. ఏ పని అన్నదే ప్రశ్న.

జన్ ధన్ పథకం సంగతి చూడండి. 2014 ఆగస్టు 28న మొదలైంది. ఆ నెల 23 నుంచి 29 దాకా, ఒక్క వారంలో, 1,80,96,130 ఖాతాలు తెరిచారని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. పథకాన్ని నేను తప్పుపట్టను. బ్యాంకు గుమ్మం ఎక్కడానికి జంకే మనుషులు ఆ రోజుల్లో వచ్చి వేలిముద్ర వేయడం నా కళ్ళతో చూశాను. అయితే కొంతకాలానికి ప్రశ్న మారింది. ఈ ఖాతా వల్ల ఆ మనిషికి ఏం జరిగింది అని కాక, సున్నా నిల్వ ఉన్న ఖాతాలు ఎన్ని తగ్గాయి అన్నది ముఖ్యమైంది. కొన్ని బ్యాంకుల్లో సిబ్బందే ఖాతాకు ఒక్కో రూపాయి వేసి ఆ లెక్క తగ్గించారని 2016 సెప్టెంబరులో పత్రికల్లో వచ్చింది. ఒక రూపాయి! లెక్క తగ్గింది, ఖాతాదారుకు ఆ రూపాయి సంగతే తెలియదు.

విచిత్రం ఏమిటంటే, అదే నెలలో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు బండారం బయటపడింది. ఖాతాదారుకు ఒక్కొక్కరికి ఎనిమిది రకాల సేవలు అంటగట్టాలని అక్కడ నియమం. ఎనిమిదే ఎందుకు? ఇంగ్లీషులో 'ఎయిట్'కు 'గ్రేట్'తో ప్రాస కుదిరిందట. ఆ బ్యాంకు 2010 వార్షిక నివేదికలోనే ఈ కారణం ఉంది. ప్రాస పిచ్చి మన అవధానులకే ఉందనుకునేవాడిని. ఆ ఎనిమిది కోసం ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండా లక్షల ఖాతాలు తెరిచారు. సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి, 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా పడింది. ప్రాస కుదిర్చినవాళ్ళు మాత్రం మరికొన్నాళ్ళు కుర్చీల్లోనే ఉన్నారు.

ఇక మా కోవిల్‌పట్టి సంగతికి వస్తాను. కోవిల్‌పట్టి అనగానే అగ్గిపెట్టెలు, ఆ తర్వాత వేరుసెనగ మిఠాయి. కడలై మిఠాయి అని తమిళంలో పేరు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నల్లరేగడిలో పండిన కాయ, తామ్రపర్ణి నీళ్ళు, పాకం పట్టే చెయ్యి, ఈ మూడూ కలిస్తేనే ఆ రుచి అంటారు. నేను అక్కడ పనిచేసినప్పుడు ఒక మిఠాయి చేసే ఆమె అప్పు కోసం వచ్చింది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. అర్జీ రాసేవాడు 'ఉద్దేశం' అన్న గడిలో 'వ్యాపారాభివృద్ధి' అని రాసిచ్చాడు. నూటికి తొంభై అర్జీల్లో అదే మాట ఉంటుంది, దానికి అర్థం లేదు. వ్యాపారం ఎలా అభివృద్ధి అవుతుందమ్మా అని అడిగితే ఆమె, "అభివృద్ధి నాకెందుకు సార్, నాకు బెల్లం రొక్కానికి కొనాలి" అంది. మండీలో అరువుకు తీసుకుంటే మూటకు ఎంత ఎక్కువ పడుతుందో, నెలకు ఎన్ని మూటలో, ఏడాదికి ఆ తేడా ఎంతో నోటి లెక్కగా చెప్పింది. దానికి ఎంత సొమ్ము కావాలో అంతే అడిగింది, పైసా ఎక్కువ కాదు. ఎన్నాళ్ళకు తీరుతుందమ్మా అంటే రెండు దీపావళులు అంది. రెండో దీపావళికి ముందే తీర్చింది.

నేను చదివిన మేనేజ్‌మెంట్ పుస్తకాలన్నీ ఆమె ఒక్క వాక్యంలో ఉన్నాయి. ఏం కావాలో తెలుసు, ఏం అక్కర్లేదో కూడా తెలుసు. అయిందా కాలేదా అని చూసుకోవడానికి ఆమెకు మా కంప్యూటరు అవసరం లేదు. బెల్లం మూట దిగిన రోజున చేతిలో రొక్కం ఉందా లేదా, అంతే.

ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేసిన మనిషి కూడా మన కరిసల్ కాటివాడే. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. లోకమంతా డాక్టర్ వి. అని పిలిచింది. కోవిల్‌పట్టిలో జి. వెంకటస్వామి నాయుడు పేరుతో ఒక కళాశాల ఉంది. ఆ పేరు లక్ష్మీ మిల్స్ కుటుంబం వారిది, ఈ డాక్టరు వేరు. తికమక పడేవాళ్ళు మనలోనే ఉన్నారు కనుక చెబుతున్నాను. ఈయన 1918 అక్టోబరు 1న ఎట్టయపురం ప్రాంతంలోని అయన్ వడమలాపురంలో, తెలుగు మాట్లాడే రైతు ఇంట్లో పుట్టారు. పలకలు కూడా లేని పల్లె బడి. ఏటి ఒడ్డు నుంచి ఇసుక తెచ్చి పరిచి, దాని మీద వేలితో రాసి చదువుకున్నారు.

ఆయన మొదట పెట్టుకున్న గురి కళ్ళు కాదు. దగ్గరి బంధువులైన ఆడపడుచులు కాన్పు సమయంలో చనిపోతే, కాన్పుల డాక్టరు కావాలనుకున్నారు. చదువు ముగించి 1945లో సైన్యంలో వైద్యుడిగా చేరారు. తీవ్రమైన కీళ్ళవాతం పట్టుకుంది. 1948లో సైన్యం నుంచి పంపించేశారు. మంచాన పడ్డారు. వేళ్ళు వంకర్లు పోయాయి. ఆ చేతులతో కాన్పులు చేయడం అయ్యే పని కాదు. అప్పుడు నేత్ర వైద్యం చదివి 1951లో డిప్లొమా పుచ్చుకున్నారు. వంకర వేళ్ళకు పట్టు చిక్కేలా పనిముట్లు తయారు చేయించుకుని కంటిపొర కోయడం నేర్చుకున్నారు. ఆ వేళ్ళతోనే జీవితంలో లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేశారు.  మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్ర విభాగానికి అధిపతిగా ఉండి, 1976లో, 58వ ఏట పదవీ విరమణ చేశారు.

నాకు అర్థం కానిదీ, ఈ వయసులో నన్ను వదలనిదీ ఆ తర్వాతి సంగతి. మా వాళ్ళు పదవీ విరమణ అయ్యాక ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తారు. ఈయన ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి, ఆ ఏడే 11 పడకలతో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి, తమ్ముడు శ్రీనివాసన్, ఇంటిల్లిపాదీ అందులో దిగారు. ఇలాంటి అర్జీ నా బల్ల మీదికి వస్తే ఏమయ్యేదా అని ఎన్నోసార్లు ఊహించుకున్నాను. అర్జీదారు వయసు 58. చేతివేళ్ళు సరిగా లేవు. జీతం ఆగిపోయింది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది డబ్బు ఇవ్వరు. మా మదింపు పత్రంలో ఏ గడి చూసినా సున్నాలే పడతాయి. గురి అన్నదానికి ఆ పత్రంలో గడి లేదు.

ఆయన పెట్టుకున్న గురిని ఇంగ్లీషులో రెండు మాటల్లో చెబుతారు: 'నీడ్‌లెస్ బ్లైండ్‌నెస్', అనవసరమైన అంధత్వం, దాన్ని లేకుండా చేయడం. అంధత్వం అంతా తీసేస్తానని ఆయన అనలేదు. 'అనవసరమైన' అన్న ఆ ఒక్క విశేషణంలోనే ఉంది కీలకం. మన దేశంలో చూపు పోవడానికి పెద్ద కారణం కంటిపొర. దానికి చికిత్స ఎప్పటినుంచో ఉంది, కొన్ని నిమిషాల పని. అయినా లక్షల మంది చీకట్లో కూర్చుని ఉన్నారు. ఆ చీకటి అక్కర్లేని చీకటి. ఈ మాట పెట్టుకోగానే ఎవరి దగ్గరికి పోవాలో, ఏం చేయాలో, ఏది ప్రస్తుతానికి తమ పని కాదో తేలిపోయింది.

తేలిపోయాక లెక్కలు వాటంతట అవే వచ్చాయి. ఒక సర్జను ఒక బల్ల దగ్గర పని ముగించి తిరిగేసరికి పక్క బల్ల మీద ఇంకో రోగి సిద్ధంగా ఉండాలి. దానికి చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలను తెచ్చి శిక్షణ ఇచ్చారు. ఎక్కడ తిన్నా ఒకే రుచి ఉండేలా వంటకాలు అమ్మే అమెరికా మెక్‌డొనాల్డ్స్ కంపెనీని చూసి, కంటి వైద్యం కూడా అలా ఎందుకు చేయకూడదు అని ఆయన అడిగేవారు. డబ్బు ఇవ్వగలిగినవాళ్ళు ఇచ్చినదానితో ఇవ్వలేనివాళ్ళకు చేశారు. కంటిలో పెట్టే కటకం విదేశాల నుంచి వచ్చేటప్పుడు పేదలకు అందని ధర. 1992లో ఆరోలాబ్ పెట్టి ఇక్కడే తయారుచేయడంతో ఆ ధర ఎన్నో వంతుకో దిగింది. 1993లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఈ ఆసుపత్రి మీద పాఠం రాయించింది. 11 పడకలతో మొదలైన చోటి నుంచి ఏటా మూడు లక్షలకు పైగా శస్త్రచికిత్సల దాకా వచ్చింది. అందులో సగానికి పైగా ఉచితంగానో, చాలా తక్కువ రుసుముకో. ఆయన 2006 జూలై 7న పోయారు. పని ఆగలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి కంటి శిబిరాలది. పల్లెల్లో శిబిరాలు పెట్టి, పొర ఉన్నవాళ్ళను గుర్తించి, ఉచితంగా ఆపరేషను చేస్తాం రండి అని చెప్పినా చాలామంది రాలేదు. 'శిబిరాలు ఇన్ని, చూసిన కళ్ళు ఇన్ని' అని టార్గెట్టు ఉండి ఉంటే లెక్క అక్కడే ముగిసేది, బహుమతి కూడా వచ్చేది. వీళ్ళ గురి చూపు కనుక, ఎందుకు రాలేదని ఇళ్ళకు పోయి అడిగారు. బస్సుకు డబ్బులు లేవు. తోడు వచ్చేవాడి కూలి పోతుంది. అక్కడ తిండి ఎవరు పెడతారు? ఉచితమైన ఆపరేషనుకు కూడా ఖర్చు ఉందని తెలిసింది. అప్పుడు బస్సూ భోజనమూ కూడా వాళ్ళే పెట్టుకున్నారు.

మా అవ్వ ఆ బస్సెక్కినదే. 1998లో. అప్పటికి ఆమెకు డెబ్బై అయిదు దాటింది. రెండు కళ్ళలోనూ పొర. మేము ఎంత చెప్పినా, "ఇంక నేను చూడాల్సింది ఏముందిరా" అనేది. శిబిరానికి వచ్చిన అమ్మాయి ఆమె పక్కన కూర్చుని, "చూపు వస్తే ఏం చేస్తావు పాట్టీ?" అని తమిళంలో అడిగింది. ఆ ప్రశ్న మేమెవరమూ అడగలేదు. అవ్వ కాసేపు ఆలోచించి, మా వైపు తిరిగి తెలుగులో, "రాత్రిపూట ఒకరి చెయ్యి పట్టుకోకుండా పెరట్లోకి పొయ్యొస్తే చాలు" అంది. దానికోసం తిరునెల్వేలి పోయి వచ్చింది. ఆమె చనిపోయేదాకా ఆరేళ్ళు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. బియ్యంలో రాళ్ళు ఏరింది, కోడళ్ళ వంకలు కూడా ఏరింది. అవి అదనం.

విరుదునగర్ వచ్చాక ఈ ఊరి పాత కథ ఒకటి తెలిసింది. 1889లో ఇక్కడి నాడార్ వ్యాపారులు క్షత్రియ విద్యాశాల అనే బడి పెట్టారు. పెద్ద ధనవంతుడెవరో ఇచ్చిన సొమ్ముతో కాదు. ప్రతి ఇంట్లో వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు వేరే కుండలో వేయాలి. పిడి అరిసి అంటారు. దాన్ని పోగుచేసి అమ్మిన డబ్బుతో బడి. వ్యాపారులు అమ్మే సరుకు మీద తమంతట తామే వేసుకున్న మహిమై అనే రుసుము దానికి తోడు. కామరాజ్ ఆ బడిలో చదివినవారే. తండ్రి చిన్నప్పుడే పోయి చదువు మధ్యలో మానేసినా, ముఖ్యమంత్రి అయ్యాక 1956లో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. పిడికెడు బియ్యానికి అది దూరపు చుట్టం కాదంటారా? ఆ కుండ నాకు ఎందుకు నచ్చిందంటే, 'మన పిల్లలు చదువుకోవాలి' అన్న పెద్ద మాటను పొయ్యి దగ్గర రోజుకు రెండుసార్లు చేసే పనిగా మార్చింది. వేయడం మరిచిపోతే కుండే చెబుతుంది.

ఇప్పుడు మన సంగతి. ఈ పక్క జిల్లాల తెలుగు సంఘాల సభలకు నేను పోతూనే ఉంటాను. 'తెలుగును కాపాడుకోవాలి' అని తీర్మానం చేస్తారు. చప్పట్లు కొడతాం. కాఫీ బాగుంటుంది. నాకు ఆ తీర్మానం వింటే అర్జీలో 'వ్యాపారాభివృద్ధి' అన్న గడి గుర్తుకొస్తుంది. కోవిల్‌పట్టి పక్క ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగే మాట్లాడి తమిళంలో రాశారు, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. ఆ ఇల్లే మనందరి ఇల్లు. నోట్లో ఒక భాష, చేతిలో ఇంకొకటి. అందులో సిగ్గు పడవలసింది లేదు, ఆయన వల్ల తమిళానికీ మనకూ మేలే జరిగింది. కాని నా మనవళ్ళ తరానికి నోట్లోదీ జారిపోతోంది.

మొన్న సంక్రాంతికి విరుదునగర్‌లో పదిమందిమి కూర్చున్నప్పుడు నేను డాక్టర్ వి. విశేషణాన్ని అరువు తెచ్చుకున్నాను. అనవసరమైన నిరక్షరత. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల, పదేళ్ళకే తమిళం చదువుతుంది, ఇంగ్లీషు చదువుతుంది. ఆ పిల్లకు తెలుగు చదవడం రాకపోవడానికి అడ్డం ఉన్నది అక్షరమాల ఒక్కటే. మాటలన్నీ లోపల ఉన్నాయి, పైన పొర మాత్రమే ఉంది. ఆ పిల్లల సంగతి ముందు చూద్దాం అన్నాను. ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. "అయితే ఇంట్లో తెలుగు పోయినవాళ్ళ పిల్లలు మన పిల్లలు కారా?" అన్నారు. అవుతారు. కాని ఈ ఏడు వాళ్ళు మన పని కాదు అని చెప్పాను. అది చెప్పడం కష్టంగానే ఉండింది, ఆయన కూతురి పిల్లలు అలాంటివాళ్ళే. సభ మధ్యలో లేచి వెళ్ళిపోయారు. ఆయనతో నా స్నేహం ఇరవై ఏళ్ళది. ఇంకా సరిగా మాట్లాడటం లేదు.

చివరికి తేలింది ఇది. వచ్చే ఉగాదికి, ఏడుగురు పిల్లలు, ఈ పత్రికలోని ఒక కథను ఎవరి సాయమూ లేకుండా వాళ్ళ అవ్వకు చదివి వినిపించాలి. ఏడుగురి పేర్లూ, అవ్వల పేర్లూ కూడా రాసుకున్నాం. ఆదివారం ఉదయం ఒక రిటైర్డు టీచరు గారి ఇంటి అరుగు మీద పాఠం. మొదటి వారం ఏడుగురూ వచ్చారు. నాలుగో వారానికి ఐదుగురే వచ్చారు. సాత్తూరు నుంచి రావలసిన అక్కాతమ్ముళ్ళిద్దరూ రాలేదు. బస్సు కారణమో, ట్యూషనో, ఇంట్లో ఇంకేదైనా ఉందో తెలియదు. ఈ శనివారం బ్యాంకు సెలవు కనుక సాత్తూరు పోయి అడిగి రావాలి.